నాన్న దాచిన తివాచీలు ఎవరివి?

ప్రశ్న: మాది నెల్లూరు వైపు. తాతల కాలం నుంచి చెన్నైలోనే ఉంటున్నాం. నాన్న 1975 నుంచి 1978 చివరి దాకా ఇరాన్‌లో, ఆబాదాన్ రిఫైనరీలో ఇంజినీరుగా చేశారు. అమ్మా, అన్నయ్యా, నేనూ అక్కడే ఉండేవాళ్లం. గొడవలు ముదిరి తిరిగొచ్చేసినప్పుడు మూడు పర్షియన్ తివాచీలు తెచ్చారు. పక్కింటి ఇరానీ దంపతులు కన్నీళ్లు పెట్టుకుని కానుకగా ఇచ్చారని అమ్మ పండగ పండక్కీ చెప్పేది. ఆ కథ మొదలవగానే నాన్న లేచి బాల్కనీలోకి వెళ్లిపోయేవారు. చెల్లి పెళ్లికి అప్పు చేశారు గానీ తివాచీల జోలికి పోలేదు. 2015 డిసెంబరు వరదల్లో కొట్టూర్‌పురం ఇంట్లోకి నీళ్లొస్తే, 74 ఏళ్ల మనిషి తన సర్టిఫికెట్లు కింద వదిలేసి ముందు వాటిని మేడ మీదికి చేర్చారు.

నాన్న పోయి ఏడాది కావస్తోంది. వచ్చే నెల సంవత్సరీకం. డాలస్‌లో ఉన్న అన్నయ్య పెద్ద తివాచీ తనకే కావాలంటున్నాడు. బెంగళూరులో ఉన్న చెల్లి మూడూ అమ్మేసి పంచుకుందామంటోంది, ఒక డీలరుకు చూపించింది కూడా. నాన్న ట్రంకు పెట్టె సర్దుతుంటే నాకు రెండు ఉత్తరాలు దొరికాయి. ఆ పక్కింటి స్నేహితుడే ఇరాన్‌లోని షిరాజ్ ఊరి నుంచి ఇంగ్లీషులో రాసినవి. ‘మా రెండు తివాచీలు క్షేమమే కదా, అమ్మాయి పెళ్లికి కావాలి’ అని ఉంది. తేదీలు 1360, 1363 అని ఏవో వింతగా ఉన్నాయి. వాటితో పాటు నాన్న మొదలుపెట్టి నాలుగు లైన్లకే ఆపేసిన ఏరోగ్రామ్ (విదేశాలకు పంపే మడత ఉత్తరం) ఒకటి. వీటిని చించి పారేయనా? అమ్మకు చెప్పనా? నాన్న మీద కోపం వస్తోంది, కోపం వచ్చినందుకు ఏడుపొస్తోంది.
– పేరు వద్దు, చెన్నై

జవాబు: చించకండి. ఈ రాత్రికే వాటిని ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి. మిగతావన్నీ ఆ తర్వాత.

ముందు ఆ తేదీల సంగతి. ఇరానీలది సౌరమాన క్యాలెండరు, మార్చిలో నౌరోజ్ పండగతో ఏడాది మొదలవుతుంది. ఆ అంకెకు 621 కలిపితే సుమారుగా మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అంటే మొదటి ఉత్తరం 1981 నాటిది, రెండోది 1984 నాటిది. ఇప్పుడు ఆ ఉత్తరాలు మళ్లీ చదవండి, వేరేగా కనిపిస్తాయి. 1980 సెప్టెంబరులో ఇరాక్ దండెత్తింది. ఆబాదాన్ సరిహద్దు ఊరు. దాదాపు ఏడాది పాటు ముట్టడిలో ఉంది, రిఫైనరీ తగలబడింది, జనం కట్టుబట్టలతో వెళ్లిపోయారు. మీ నాన్నగారి స్నేహితుడు ఆబాదాన్ నుంచి కాకుండా షిరాజ్ నుంచి రాశాడంటే, ఆ కుటుంబం సొంత దేశంలోనే కాందిశీకులై ఉండాలి. ఇల్లూ ఉద్యోగమూ పోయిన మనిషి తివాచీల గురించి అడుగుతున్నాడు. వాళ్లకవి నేల మీద పరుచుకునే సామాను మాత్రమే కాదు. మన ఇళ్లలో ఆడపిల్ల బంగారంలాగా పెళ్లిలో అమ్మాయికి పెట్టేవి, కష్టమొస్తే అమ్ముకునేవి. ‘అమ్మాయి పెళ్లికి కావాలి’ అన్న మాటను ఆ బరువుతోనే చదవాలి.

ఇక నాన్నగారు. మీరు రాసిన వాటిలో నన్ను పట్టుకున్నది ఆ బాల్కనీ. కానుక కథ చెప్పింది అమ్మ. ఆయన ఒక్కసారైనా చెప్పారా? మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అప్పు చేసి పెళ్లి చేసిన మనిషి, వరదలో సర్టిఫికెట్ల కంటే ముందు తివాచీలు మోసిన మనిషి, వాటిని తనవనుకున్నట్టు నాకు కనిపించడం లేదు. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు. ఆ బరువు నలభై ఏళ్లకు పైగా మోశారాయన. అమ్ముకోలేదు, పాడుచేయలేదు.

కానీ తిరిగీ ఇవ్వలేదు. దీనికి నేను సర్దిచెప్పను. 1981లో యుద్ధంలో ఉన్న దేశానికి నిలువెత్తు తివాచీ చుట్ట పంపడం ఎవరి తరమూ కాదు, నిజమే. ఒక ఉత్తరం ముక్క మాత్రం రాయగలిగేవారు. ‘భద్రంగా ఉన్నాయి, ఎప్పుడొచ్చినా నీవే’ అని రెండు వాక్యాలు చాలు. ఆ నాలుగు లైన్ల ఏరోగ్రామ్ చూస్తే రాద్దామని కూర్చున్నారని తెలుస్తోంది. ఎందుకు ఆగిపోయారో మనకు దొరకదు. ఇలాంటివి నేను చాలా ఇళ్లలో చూస్తుంటాను. మొదటి నెల బద్ధకం, మూడో నెల మొహమాటం, ఏడాదయ్యాక ఇంకేం మొహం పెట్టుకుని రాస్తాంలే అన్న సిగ్గు. మంచివాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు ఇందులో. మీ కోపం న్యాయమైనదే, ఉండనివ్వండి. ఆయన మీద ప్రేమకు అదేం అడ్డం కాదు.

అమ్మకు చెప్పనా అని అడిగారు. చెప్పకండి, అడగండి. ఆవిడ కూడా ఆబాదాన్‌లో ఉన్న మనిషే, మీకంటే ఎక్కువే తెలిసి ఉండొచ్చు. భోజనాలయ్యాక ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం చూసుకోండి. ఉత్తరాలు చేతిలో పెట్టుకుని వెళ్లొద్దు, అది పోలీసు విచారణలా ఉంటుంది. ఆ పక్కింటావిడ గురించి మొదలుపెట్టండి. ఆవిడ ఏం వండేది, పిల్ల పేరేంటి, మీరు బయల్దేరిన రోజు ఎవరెవరు వచ్చారు. అమ్మ చెబుతూ చెబుతూ ఎక్కడైనా తడబడితే, అక్కడ ఆగి ‘దాచమని ఇచ్చారా అమ్మా?’ అని మెల్లగా అడగండి. ఔనంటే సగం పని అయిపోయినట్టే. లేదు, కానుకే అంటే వాదించకండి. ఆ వయసులో, భర్త పోయిన ఏడాదిలోనే ఆవిడ చెప్పింది అబద్ధమని నిరూపించాల్సిన అవసరం మీకు లేదు. పిల్లల ముందు భర్త పరువు కాపాడాలని మొదలుపెట్టిన మాట ఆవిడకే నిజమైపోయి ఉండొచ్చు.

మరో విషయం మీరు గమనించినట్టు లేదు. ఉత్తరంలో రెండు తివాచీలన్నారు. మీ ఇంట్లో ఉన్నవి మూడు! ఒకటి నాన్నగారు డబ్బు పెట్టి కొన్నది కావచ్చు. ఏదో అమ్మను అడిగితే తెలుస్తుంది, పెట్టెలో రసీదు ఉందేమో కూడా వెతకండి. అది తేలితే అన్నాచెల్లెళ్లు మాట్లాడుకోవడానికి మీ నాన్నగారి సొంత వస్తువంటూ ఒకటి మిగులుతుంది.

అన్నయ్యకూ చెల్లికీ సంవత్సరీకం ముందు చెప్పకండి. పిండం పెట్టే చోట తివాచీల పంచాయితీ వద్దు. అది అయ్యాక ముగ్గురూ కూర్చుని, ఉత్తరాలు పూర్తిగా పైకి చదవండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పడేస్తే మాత్రం అర్ధరాత్రి దాకా వాయిస్ మెసేజ్‌లు, మర్నాటి నుంచి మాటల్లేకపోవడం. ‘అవి నీ ఇంట్లో ఉండాలనే ఈ కథ తెచ్చావ్’ అని ఎవరో ఒకరు అంటారు. అననివ్వకుండా మీరే ముందుగా చెప్పేయండి, ఆ రెండింటిలో నాకు వాటా వద్దని. చెన్నైలో ఉన్నది మీరే కాబట్టి, చివరి రోజుల్లో నాన్నను చూసుకున్నదీ మీరే అయి ఉంటారు. దానికి ప్రతిఫలం తివాచీల రూపంలో రాదు. వస్తుందని లోపల ఎక్కడైనా ఆశ ఉంటే ఇప్పుడే చూసుకోండి.

అన్నయ్యకు రెండు సంగతులు తెలియాలి. ఒకటి, అమెరికా 2018 ఆగస్టు నుంచి ఇరాన్ తివాచీల దిగుమతిని మళ్లీ నిషేధించింది. 2016లో సడలించి, తిరిగి బిగించారు. అక్కడి లాయర్ని అడగకుండా లగేజీలో వేసుకెళ్లే పని పెట్టుకోవద్దు. రెండు, మన పురావస్తు చట్టం 1972 ప్రకారం వందేళ్లు దాటిన వస్తువును మామూలు మనిషి దేశం దాటించకూడదు. తివాచీ వయసెంతో డీలరు నోటిమాట చాలదు, పురావస్తు శాఖ నుంచి ‘ఇది పురావస్తువు కాదు’ అనే సర్టిఫికెట్ తీసుకోవాలి. రేపు అసలు సొంతదారులు దొరికి వాళ్లకు పంపాల్సి వచ్చినా ఇదే కాగితం కావాలి.

‘నలభై ఏళ్లయింది, ఇంకెవరొస్తారు’ అంటుంది చెల్లి. కోర్టు సంగతే అయినా అంత తేలిక కాదు. దాచమని ఇచ్చిన వస్తువు విషయంలో మన కాలపరిమితి చట్టం మూడేళ్లు లెక్కపెట్టేది ఇచ్చిన రోజు నుంచి కాదు, తిరిగి అడిగినప్పుడు కాదన్న రోజు నుంచి. మీ నాన్నగారు జవాబివ్వలేదు గానీ కాదనీ అనలేదు. దీన్నెలా చూడాలో వకీలు చెప్పాలి. కేసు వస్తుందని భయపెట్టడం లేదు, అమ్మేస్తే అయిపోతుందన్న ధీమా వద్దంటున్నాను.

వెతకడం ఎలా అంటారా? షిరాజ్ చిరునామాకు ఇంగ్లీషులోనూ ఇరానీల పార్సీ భాషలోనూ ఒక ఉత్తరం రాయండి. పార్సీ వచ్చినవాళ్లు మద్రాసు యూనివర్సిటీ అరబిక్, పార్సీ, ఉర్దూ విభాగంలో దొరుకుతారు. ఆ అమ్మాయికిప్పుడు అరవై దాటి ఉంటుంది, పెళ్లయి ఇంటిపేరు మారకపోయి ఉండొచ్చు. ఇరాన్‌లో ఆడవాళ్లు సాధారణంగా పుట్టింటి పేరే ఉంచుకుంటారు, అది మీకు కలిసొచ్చే విషయం. పేరును ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాసి ఫేస్‌బుక్‌లో వెతకండి. పాత ఆబాదాన్ వాళ్లు ప్రపంచమంతా చెదిరిపోయారు, అమెరికాలోనూ చాలామంది ఉన్నారు. ఈ పని అన్నయ్యకు అప్పజెప్పండి, చేతిలో పనుంటే గొడవ తగ్గుతుంది. తివాచీల అంచుల్లో ఏవైనా అక్షరాలు నేసి ఉన్నాయేమో చూసి, వెనక వైపు ముడులు కనిపించేలా కూడా ఫొటోలు తీయండి. తమవేనా కాదా అన్నది వాళ్లు వాటిని చూసి చెప్పగలరు. ఎవరైనా మావే అని రాస్తే మాత్రం వెంటనే పంపేయకండి. నాన్నగారి చేతిరాత, పాత ఫొటో, ఏదో ఒక ఆధారం అడగండి.

అందాకా వాటిని ప్లాస్టిక్ కవర్లలో ఉంచకండి, చెన్నై ఉక్కకు లోపలే చెమ్మ పట్టేస్తుంది. మడతలు పెట్టకుండా చుట్టి, పాత నూలు చీరలో పెట్టండి.

వెతకడానికి ఒక ఏడాది పెట్టుకోండి. దొరక్కపోతే ఏం చేయాలో అప్పుడు ముగ్గురూ కలిసే నిర్ణయించుకోండి. నన్నడిగితే ఆ రెండూ అమ్మకుండా ఉత్తరాలతో పాటే ఉంచమంటాను, ఎవరింట్లో ఉన్నా సరే. డీలరుకు మాత్రం రేపు పొద్దున్నే ఫోన్ చేయండి, ఏడాది దాకా బేరం లేదని చెప్పండి. చెల్లి అడ్వాన్స్ తీసుకుని ఉంటే మీ జేబులోంచైనా సరే తిరిగి ఇచ్చి, చీటీ రాయించుకోండి.