ఆంప్ కొత్తది కొనే ముందు

అల్లుడా,

కురుమూర్తి జాతరకు పోయొచ్చిన కాడి నుంచి బండిలో పాట లేదన్నావు. షాపులో చూడకుండానే ఆంప్, అదే సౌండ్ పెంచే యాంప్లిఫయర్ డబ్బా, కాలిపోయిందన్నారట! ఆగు. పాలమూరులో ఇన్నేళ్లుగా కార్లకు వైరింగ్ చేస్తున్నా. సౌండ్ పోయిందని నా దగ్గరికొచ్చిన ఆంపుల్లో నిజంగా కాలినవి తక్కువ.

స్టీరియో ఆన్ చేసి, డిక్కీ తెరిచి ఆంప్ లైటు చూడు.

లైటే లేదంటే కరెంటు అందట్లేదు. బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు, ఆంప్‌కు ఇంకొకటి ఉంటాయి. కంటికి బాగున్నా మల్టీమీటరుతో చూడాల్సిందే. 30 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నచోట 60ది మాత్రం వేయకు, ఫ్యూజు బదులు వైరు అంటుకుంటుంది. తర్వాత మీటరు నల్ల తీగ ఆంప్ గ్రౌండ్ (బండి బాడీకి బిగించే మైనస్ వైరు వచ్చే చోటు) మీద, ఎర్రది పవర్ టెర్మినల్ మీద పెట్టు. 12 వోల్టులకు పైనే చూపాలి. రెమ్ (ఆంప్‌ను ఆన్ చేసే రిమోట్ వైరు) అని రాసున్న చోట కూడా అంతే రావాలి, అదీ స్టీరియో ఆన్‌లో ఉన్నప్పుడే. అక్కడ మాత్రమే సున్నా అంటే స్టీరియో నుంచి వచ్చే సన్న వైరు ఎక్కడో ఊడింది.

నాకైతే గ్రౌండ్ మీదే అనుమానం, ఆ దారి కుదుపులకు బోల్టు వదులై ఉంటుంది. మీటరు నల్ల తీగను ఆంప్ మీద నుంచి తీసి బండి బాడీ ఇనుముకు ఆనించు. ఇప్పుడు 12 వచ్చిందా? దొంగ దొరికినట్టే. బ్యాటరీ మైనస్ తీసేసి, బోల్టు విప్పి, కింద పెయింటును ఎమెరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా గీకి గట్టిగా బిగించు. పెయింటు మీద బిగించే పనివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎర్ర లైటు వెలిగితే స్టీరియో ఆఫ్ చేసి స్పీకర్ వైర్లన్నీ తీసి, మళ్లీ ఆన్ చేసి చూడు. ఎరుపు పోయిందంటే తప్పు స్పీకర్‌దో వైరుదో. డోరు మడత దగ్గర వైరు నలిగిందేమో చూడు. 4 ఓముల సబ్‌వూఫర్ (బేస్ కొట్టే పెద్ద స్పీకర్) మీటరులో 3, 4 ఓముల మధ్య చూపాలి. స్పీకర్ ముందు కదిలే కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కితే గరగర గీసుకుంటోందా, కాయిల్ పోయింది.

పచ్చ లైటు ఉండీ సౌండ్ లేకపోతే ముందు స్టీరియోలో సబ్‌వూఫర్ సెట్టింగు ఆఫ్ అయిందేమో చూడు, నవ్వకు. తర్వాత అన్నీ ఆఫ్ చేసి, స్టీరియో నుంచి ఆంప్‌కు పాట తెచ్చే ఆర్‌సీఏ పిన్నులు తీసి, వేరే కేబుల్‌తో ఫోన్ కలుపు. వాల్యూమ్ తక్కువలో పెట్టి ఆన్ చెయ్యి. పాట వచ్చిందంటే ఆంప్ బతికే ఉంది.

స్పీకర్లన్నీ తీసినా, వోల్టులు సరిగ్గా వస్తున్నా ఎరుపు పోకపోతే అప్పుడు ఆంప్ ఊడదీసుకొని నా దగ్గరికి రా. మూత మాత్రం నువ్వు విప్పకు.

మీ మామ