క్షారం తగ్గిందంటే ఉప్పు తగ్గినట్టా?

సందేహం: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇంట్లో తెలుగు, బడిలో పదో తరగతి దాకా మరాఠీ. ఇప్పుడు ఎంబీబీఎస్ మొదటి ఏడాది. బయోకెమిస్ట్రీ ఇంగ్లీషులోనే చదువుతున్నా, రేపు మా ఊళ్లో రోగులతో తెలుగులోనే మాట్లాడాలి. మరాఠీలో క్షార అంటే సాల్ట్. తెలుగు పుస్తకాల్లో క్షారం అంటే బేస్. వీటిలో ఏది తప్పు? ‘ఒంట్లో క్షారాలు తగ్గాయి’ అని తెలుగులో అనవచ్చా? ఫ్యాటీ యాసిడ్‌కు మరాఠీ ‘మేదామ్ల’ను తెలుగులోనూ వాడుకోవచ్చా?

సమాధానం: ఏదీ తప్పు కాదు. కానీ ‘ఒంట్లో క్షారాలు తగ్గాయి’ అని తెలుగులో మాత్రం అనకండి. మీరు చెప్పాలనుకున్నది ఒకటి, అవతలివారికి అందేది ఇంకొకటి అవుతుంది.

యాసిడ్, బేస్, సాల్ట్‌లకు మరాఠీ బడిలో మీరు చదివిన వరుస ఆమ్ల, ఆమ్లారి, క్షార. తెలుగు బడిలో అదే వరుస ఆమ్లం, క్షారం, లవణం. మొదటి మాట దగ్గర పేచీ లేదు. సంస్కృత రూపం అమ్లమే అయినా, హిందీ పుస్తకాలు ఇప్పటికీ హ్రస్వంతోనే రాస్తున్నా, తెలుగూ మరాఠీ రెండూ దీర్ఘానికే స్థిరపడ్డాయి. చిక్కు రెండో మాటతో మొదలవుతుంది. ఆమ్లారి అంటే ఆమ్లానికి అరి, అంటే శత్రువు. మురారి, కంసారి ఎలాగో ఇదీ అలాగే. చక్కని మాట, మన పుస్తకాలు పెట్టుకోలేదు. ఆ చోట్లో మనం క్షారాన్ని కూర్చోబెట్టాం, మరాఠీవారు దాన్ని మూడో చోటికి జరిపారు.

ఒకే మాట రెండు చోట్ల ఎలా ఇమిడిందో తెలియాలంటే బూడిద దగ్గరికి వెళ్లాలి. యవల గడ్డిని కాల్చి, బూడిదను నీళ్లలో కలిపి, తేటను వడకట్టి మరిగిస్తే అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. వైద్యులు యవక్షారం అన్నది దాన్నే. అందులో ముఖ్యంగా ఉండేది పొటాషియం కార్బొనేట్. రసాయనశాస్త్రం ప్రకారం అది లవణం: బలమైన క్షారానికీ బలహీనమైన ఆమ్లానికీ పుట్టింది. నీళ్లలో వేస్తే మాత్రం క్షారంలాగే నడుచుకుంటుంది, ఎర్ర లిట్మస్‌ను నీలం చేస్తుంది, చేతికి జారుతుంది. కంసాలి వాడే వెలిగారమూ (బోరాక్స్) ఇంతే. అందులోని గారం, క్షారం నుంచి వచ్చిన కారమే. పదార్థం లవణం, గుణం క్షారం. మరాఠీ ఆ పాత మాటలో పదార్థాన్ని పట్టుకుంది, తెలుగు గుణాన్ని పట్టుకుంది.

ఈ తేడాను పుస్తకాలకంటే మన రైతులే బాగా పట్టించుకున్నారనిపిస్తుంది. ఉప్పు తేలిన నేల పాలచౌడు, క్షారగుణం ముదిరి పీహెచ్ (ఆమ్లగుణం పెరిగితే తగ్గే, క్షారగుణం పెరిగితే పెరిగే కొలత) 8.5 దాటిన నేల కారుచౌడు. మొదటిదానికి మంచినీళ్లు పెట్టి ఉప్పును కడిగేస్తారు. రెండోదానికి నీళ్లు చాలవు, జిప్సం వేయాలి. మందు వేరు కాబట్టి పేరూ వేరు.

ఇక మీ పాఠానికి వద్దాం. బైకార్బొనేట్ రక్తంలో చేసే పని ఆ బూడిదతేట పనికి దగ్గరి చుట్టం. రిపోర్టులో సోడియం, పొటాషియం, క్లోరైడ్‌ల సరసన ఉంటుంది కాబట్టి మరాఠీలో అదీ క్షారాల లెక్కలోకే వస్తుంది. చేసే పని చూస్తే తెలుగు క్షారం. రక్తంలో మామూలుగా ఉండే లీటరుకు 24 మిల్లీమోళ్ల బైకార్బొనేట్, 40 మిల్లీమీటర్ల కార్బన్ డయాక్సైడ్ పీడనం తీసుకోండి. ఆ వాయువు ఎంత కరుగుతుందో చెప్పే 0.03తో 40ని గుణిస్తే 1.2. 24ను 1.2తో భాగిస్తే 20. దాని లాగరిథమ్ 1.3కి ఈ లెక్కలోని స్థిరాంకం 6.1 కలిపితే పీహెచ్ 7.4. విరేచనాల్లో బైకార్బొనేట్ పోయి 12కి పడిపోతే నిష్పత్తి 10, పీహెచ్ 7.1. అక్కడిదాకా పోనీయకుండా శరీరం ఊపిరి వేగం పెంచి కార్బన్ డయాక్సైడ్‌ను 26 దాకా దించుతుంది, పీహెచ్ 7.29 దగ్గర నిలుస్తుంది. రోగి ఎగశ్వాసకు కారణం ఊపిరితిత్తులు కాకపోవచ్చని మీ మాస్టార్లు చెప్పేది ఇందుకే.

ఇప్పుడు ఆ రోగి పక్కన నిలబడి ‘క్షారాలు తగ్గాయి’ అన్నారనుకోండి. మరాఠీ నర్సుకు సోడియం, పొటాషియం తగ్గాయని అర్థమవుతుంది. కాళేశ్వరం వైపు నుంచి గోదావరి దాటి వచ్చిన తెలుగు డాక్టరుకు ఎసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పేరుకోవడం) అని అర్థమవుతుంది. పక్కనున్న అవ్వకు ‘కారం తక్కువైంది’ అని వినబడినా ఆశ్చర్యం లేదు. విరేచనాల్లో మొదటి రెండూ ఒకేసారి నిజం కావచ్చు. అందుకే ఈ తప్పు చాలాసార్లు బయటపడకుండా పోతుంది.

ఓఆర్‌ఎస్ పొట్లం మీద చూడండి. 2002 నుంచి వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, గ్లూకోజ్ 13.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. మరాఠీవారు దీన్ని క్షారసంజీవని అన్నది మొదటి రెండింటిని చూసి. తెలుగు అర్థంలో క్షారం పని చేసేది చివరిది: లీటరులోని 10 మిల్లీమోళ్ల సిట్రేట్ శరీరంలో ఖర్చయ్యేటప్పుడు 30 మిల్లీమోళ్ల బైకార్బొనేట్ మిగులుతుంది. పూర్వం ఆ చోట తినేసోడాయే 2.5 గ్రాములు ఉండేది. తేమకూ వేడికీ అది గ్లూకోజ్‌తో కలిసి పొడి రంగు మారి చెడిపోయేది కాబట్టి సిట్రేట్‌కు మారారు. ఈ లీటరు పొట్లం మొత్తాన్ని లీటరు నీళ్లలోనే కలపాలని కూడా చెప్పండి. గ్లాసుడు నీళ్లలో కలిపి పట్టిస్తే పసివాళ్ల రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది.

మరి రోగికి ఏమని చెప్పాలి? ‘లవణాలు తగ్గాయి’ అన్నది పుస్తకానికి సరైన తెలుగే. కానీ లవణం అనగానే ఇంట్లో ఉప్పు డబ్బా దగ్గరికి పోతారు. తగ్గింది పొటాషియం అయితే ఎంత ఉప్పు తిన్నా లాభం లేదు. బీపీ ఉన్నవారికైతే చేటు. అందుకని ఏది తగ్గిందో దాని పేరే చెప్పండి: ‘రక్తంలో పొటాషియం తగ్గింది, కనీసం 3.5 ఉండాల్సింది 2.8 ఉంది. ఇది మనం తినే ఉప్పు కాదు.’ సోడియం, పొటాషియం మాటలకు జనం ఎప్పుడో అలవాటు పడ్డారు. విద్యుద్విశ్లేష్యాలు (ఎలక్ట్రొలైట్లు) అన్న మాట మాత్రం పరీక్ష పేపరులోనే ఉండనివ్వండి.

ఎసిడోసిస్‌కు కూడా ‘ఆమ్లం పెరిగింది’ అంటే చాలదు. ఎసిడిటీ అనగానే చెయ్యి పొట్ట మీదికి పోతుంది. ఇంటికెళ్లి చింతపండు మానేస్తారు, నిమ్మకాయ పక్కన పెడతారు. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం శరీరంలో పూర్తిగా కాలిపోతుంది, రక్తంలో పులుపుగా మిగలదు. ‘రక్తంలో యాసిడ్ పేరుకుంది, కడుపు మంట వేరు, ఇది వేరు, పులుపు తిన్నందువల్ల రాలేదు’ అని మూడు ముక్కలూ చెప్పాల్సిందే.

తెలుగు పుస్తకాలు చదివేటప్పుడు మీకు ఎదురయ్యే ఇంకో గుంట నత్రజని క్షారాలు. మరాఠీ చెవితో వింటే నత్రజని లవణం, అంటే పొలంలో చల్లే నైట్రేట్ ఎరువు గుర్తొస్తుంది. ఇక్కడ క్షారమంటే ఆమ్లారి, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల్లో ఉండేవి: అడినిన్, గ్వానిన్, సైటొసిన్, థైమిన్, యురాసిల్. వీటి నత్రజని పరమాణువులకు హైడ్రోజన్ అయానును పట్టుకునే గుణం ఉంది కాబట్టి క్షారాలు. క్షారాలున్న డీఎన్‌ఏకు కేంద్రకామ్లం (న్యూక్లియిక్ యాసిడ్) అని పేరెందుకంటే, దాని వెన్నెముకలో ఉన్న ఫాస్ఫేట్ ఆమ్లగుణం చూపుతుంది కాబట్టి.

మేదామ్లం సంగతి. మేద, ఆమ్లం రెండూ సంస్కృతమే, సమాసానికి వ్యాకరణం అడ్డు రాదు. చెవి అడ్డు వస్తుంది. మేదస్సు అంటే కొవ్వు, మేధస్సు అంటే తెలివి. మన నోట ద, ధ తేడా తరచు చెరిగిపోతుంది, రాతలో సైతం మేధావిని మేదావి చేసేవారున్నారు. మేదామ్లం అంటే మెదడులో ఊరే ఆమ్లం కాబోలనుకుంటారు. తెలుగులో కొవ్వు ఆమ్లం వాడుకలో ఉంది, అదే రాయండి. ఉకారసంధి చేసి కొవ్వామ్లం అనడం వ్యాకరణానికి ఇష్టమే గాని కంటికి కొత్త. విడిగా రాస్తేనే నయం. అయితే రోగితో ‘మీకు కొవ్వు ఎక్కువైంది’ అనకండి, అది తిట్టు. ‘రక్తంలో కొవ్వు’ అనండి.