ఇంగ్లండ్ కొండ కోటలు: మీరు అడిగినవి, మేం చెప్పేవి

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో బోర్న్‌మత్‌లో ఉంటోంది. మే నెలాఖరుకి మేమిద్దరం వెళ్తున్నాం. దగ్గర్లో మెయిడెన్ కాజిల్ అని రెండున్నర వేల ఏళ్ల నాటి కోట ఉందట, తీసుకెళ్తానంటోంది. ఫోటోలు చూస్తే పచ్చిక, గొర్రెలు తప్ప ఏమీ లేవు. ఇంతకీ కోట ఎక్కడుంది? అంత దూరం వెళ్లి గడ్డి చూసి రావాలా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. మీరు ఫోటోలో చూసిన ఆ గడ్డి గట్లే కోట. మనకి కోటంటే గోల్కొండో కొండపల్లో గుర్తొస్తుంది, రాతిగోడ, బురుజు, సింహద్వారం కోసం కళ్లు వెతుకుతాయి. అక్కడి ఇనుప యుగం జనం కొండనే చెక్కి కోట చేసుకున్నారు. చుట్టూ లోతుగా కందకం తవ్వడం, తవ్విన మట్టినీ సుద్దనీ పక్కనే ఎత్తుగా పోసి కట్ట వేయడం, చాలా చోట్ల ఆ కట్ట మీద కర్రల దడి. కర్ర ఎప్పుడో పుచ్చిపోయింది, మట్టి మిగిలింది, దాని మీద గడ్డి మొలిచింది.

మెయిడెన్ కాజిల్ యూరప్‌లోకెల్లా పెద్ద కొండ కోటల్లో ఒకటి. సుమారు క్రీ.పూ. 600లో తూర్పు కొన మీద చిన్నగా మొదలై, మరో నూట యాభై ఏళ్లకి పడమటికి పెరిగింది, కట్టలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. మొత్తం విస్తీర్ణం 50 ఫుట్‌బాల్ మైదానాలంత. దాని ద్వారాలు చూడండి, నాకు అన్నిటికన్నా నచ్చేవి అవే. తిన్నగా లోపలికి పోవడం కుదరదు, కట్టల మధ్య కుడికీ ఎడమకీ తిరుగుతూ పోవాలి, అలా తిరుగుతున్నంతసేపూ మీరు పైనున్నవాళ్లకి అందుబాటులో ఉంటారు. వాళ్ల చేతిలో ఒడిసెలలు. మన పొలాల్లో పిట్టల్ని తోలేవే. సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చి పోగేసిన గుండ్రటి రాళ్లు తవ్వకాల్లో వేల సంఖ్యలో దొరికాయి.

ఆ తవ్వకాలు 1934 నుంచి 1937 దాకా చేయించింది మార్టిమర్ వీలర్. ఈ పేరు మన దేశంలోనూ తెలిసిందే, 1944లో భారత పురావస్తు శాఖకి డైరెక్టర్ జనరల్‌గా వచ్చి, మరుసటి ఏడు పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వించింది ఆయనే. మెయిడెన్ కాజిల్ తూర్పు ద్వారం దగ్గర గాయాలున్న అస్థిపంజరాలు దొరికితే, క్రీ.శ. 43లో రోమన్లు దాడి చేసి చంపినవాళ్లని ఆయన రాశారు. కథ బాగా పాకింది. తర్వాతి పరిశోధకులు మాత్రం ఒప్పుకోలేదు, వాళ్లంతా ఒకేసారి చనిపోయినవాళ్లు కాదని తేల్చారు. అక్కడ ఎవరైనా ఆ యుద్ధం గురించి గట్టిగా చెబితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఒక్క మాట మాత్రం వినండి, నేరుగా పైకెక్కి ఫోటో తీసుకుని దిగిపోవద్దు. పైన చదునుగా, ఖాళీగా ఉంటుంది, క్రీ.శ. నాలుగో శతాబ్దపు రోమన్ గుడి పునాదులు తప్ప పెద్దగా ఏమీ కనబడదు. ముందు ఓ కందకంలోకి దిగి, రెండు పక్కలా లేచిన కట్టల్ని చూస్తూ కొంత దూరం నడవండి, అప్పుడు పడమటి ద్వారం గుండా లోపలికి వెళ్లండి. మన తొట్లకొండకి సముద్రం చూడ్డానికి వెళ్లినవాళ్లకి సముద్రమే కనబడుతుంది, భిక్షువుల గదుల పునాదుల మధ్య కాసేపు తిరిగినవాళ్లకి ఓ ఊరే కనబడుతుంది కదా, ఇదీ అంతే. సాయంత్రం వెళితే మరీ మంచిది, ఏటవాలు ఎండలో కందకాల్లో నీడ పడి కోట ఆకారం తేటగా తెలుస్తుంది. మే నెలాఖరుకి అక్కడ రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి తొందరేమీ లేదు. టికెట్ లేదు. టీ కొట్టు కూడా లేదు, ఫ్లాస్కు పట్టుకెళ్లండి. గాలి గట్టిగా ఉంటుంది, అంకుల్‌గారికి మంకీ క్యాప్ పెట్టండి.

ప్రశ్న: నేను షెఫీల్డ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. కారు లేదు. ఒక్క ఆదివారంలో చూసి రాగలిగే కొండ ఏదైనా ఉందా?
– గాజువాక విద్యార్థి

జవాబు: మామ్ టోర్‌కి వెళ్లు తమ్ముడూ, నీ ఊరి పక్కనే ఉంది. షెఫీల్డ్‌లో రైలెక్కితే ముప్పావు గంట లోపే ఈడేల్‌లో దిగుతావు. అక్కణ్నుంచి హాలిన్స్ క్రాస్ అనే కనుమ మీదికెక్కి, కుడివైపు శిఖరం వెంట నడిస్తే మామ్ టోర్, 517 మీటర్లు. పైన చాలావరకు రాళ్లు పరిచిన బాట. శిఖరం చుట్టూ ఉన్న కట్ట, కందకం కంచు యుగం చివరి నాటి కోటవి, లోపల ఇళ్లు కట్టుకోవడానికి వాలుని చదును చేసిన జాగాలు వందకి పైగా గుర్తించారు. ఆ గాలిలో, ఆ చలిలో పైన ఇళ్లు కట్టుకున్నారంటే ఎలా బతికారా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తూర్పు పక్క కొండ విరిగిపడుతూనే ఉంటుంది. దాని మీదుగా వేసిన రోడ్డు మళ్లీ మళ్లీ కుంగిపోవడంతో 1979లో మూసేశారు, ఆ పగిలిన తారు ముక్కల మీదుగా ఇప్పుడు నడిచి వెళ్లొచ్చు. అరకు ఘాట్ రోడ్డు తెలిసినవాడివి కదా, వర్షానికి కొండ ఎలా కదులుతుందో అక్కడ బాగా అర్థమవుతుంది.

ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోకు. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల 1:25,000 మ్యాపు కొనుక్కో, అందులో పాత కోటల పేర్లు పాతకాలపు అక్షరాల్లో వేసి ఉంటాయి. రైతు పొలం మధ్య నుంచి కూడా బాట హక్కు ఉంటుంది, పసుపు బాణం గుర్తు నడిచేవాళ్లకి, నీలం గుర్రాలకీ సైకిళ్లకీ కూడా. గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లాలి. దూడలున్న ఆవుల మధ్య నుంచి పోవద్దు, చుట్టూ తిరిగి వెళ్లు. డిసెంబర్లో నాలుగు కాకముందే సూర్యాస్తమయం, ఆలస్యంగా బయల్దేరితే దిగేటప్పుడు టెన్షన్ తప్పదు.

ప్రశ్న: మావారికి మోకాళ్ల నొప్పులు. కైలాసగిరికి కూడా రోప్‌వేలోనే వెళ్తాం. బర్మింగ్‌హామ్‌లో ఉన్న మా అబ్బాయి కొండలంటున్నాడు. మాకు కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: కుదురుతుందమ్మా, కొండని ఎంచుకోవడంలో ఉంది. మాల్వర్న్ కొండల్లో బ్రిటిష్ క్యాంప్ అనే కొండ కోటకి తీసుకెళ్లమనండి. 338 మీటర్ల కొండే అయినా కారు ఆగేది కనుమ దగ్గర, సగం ఎత్తు అక్కడికే వచ్చేస్తుంది. మిగతాది బాటా మెట్లూను. మెల్లగా నాలుగు చోట్ల ఆగుతూ ఎక్కితే పడమట వేల్స్ కొండలు, తూర్పున చదును పొలాలు కనబడతాయి. మెట్లు మెట్లుగా తిరిగిన ఆ మట్టి కట్టల్ని కింద నుంచి చూసినా తృప్తిగానే ఉంటుంది. మెట్లు అసలు వద్దంటే సాల్స్‌బరీ దగ్గర ఓల్డ్ సేరమ్. దూరం ఎక్కువే, కానీ కారు బయటి కట్ట దాటి లోపలి దాకా వెళ్తుంది. ఇనుప యుగపు కట్టల మధ్యే, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్లు కోట, చర్చి కట్టారు, 1220లో కొత్త కెథడ్రల్ కింద మైదానంలో మొదలైంది, దాని 123 మీటర్ల శిఖరం పై నుంచి కనబడుతుంది. నా ఓటు బ్రిటిష్ క్యాంప్‌కే.

ప్రశ్న: గుర్తుగా ఓ రాయి తెచ్చుకోవచ్చా? మెటల్ డిటెక్టర్ పట్టుకెళ్తే?
– సీతమ్మధార పాఠకుడు

జవాబు: వద్దు. ఈ కోటల్లో చాలావరకు 1979 నాటి చట్టం కింద రక్షిత కట్టడాలు, అనుమతి లేకుండా వాటి మీద డిటెక్టర్ వాడడమే నేరం. రాయి కూడా ఉన్నచోటే ఉండనివ్వండి. చేత్తో ఏదైనా చేయాలనుంటే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని అఫింగ్టన్‌కి వెళ్లండి. అక్కడ ఇనుప యుగపు కోట పక్కనే, కొండ వాలు మీద 110 మీటర్ల తెల్ల గుర్రం బొమ్మ ఉంది, పచ్చికని కోసి సుద్ద నింపి గీసింది, వయసు సుమారు 3 వేల ఏళ్లు. పట్టించుకోకపోతే కొన్నేళ్లలో గడ్డి కప్పేస్తుంది, అందుకే తరతరాలుగా జనం కలుపు తీసి సుద్ద నూరి పోస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఇలాంటి పాత చోట్లని కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ వాళ్లు వేసవిలో వాలంటీర్లని పిలిచి, చేతికి సుత్తి ఇచ్చి ఆ పని చేయిస్తారు. తేదీలు ముందే చూసుకుని పేరు ఇచ్చుకోండి.