డబ్బు అందింది సరే, బతుకు మారిందని ఎలా తేలుతుంది?

ప్రశ్న: మా సంస్థ 300 పేద కుటుంబాలకు ఏడాది పాటు నెలనెలా నగదు ఇచ్చింది. మొదట ఒకసారి, చివర ఒకసారి సర్వే చేశాం. ఆదాయం, తిండి ఖర్చు రెండూ పెరిగాయి. పథకం ఫలించిందని రిపోర్టులో రాయవచ్చా?

జవాబు: అప్పుడే రాయకండి. ఆ ఏడు కూలి రేట్లు పెరిగి ఉండవచ్చు. ధరలు పెరిగినా ఖర్చు పెరిగినట్టే కనిపిస్తుంది. పైగా మీరు కుటుంబాలను ఎంచుకున్నది బాగా చితికిపోయి ఉన్నప్పుడు. వాళ్లలో కొందరు ఏ సాయమూ లేకున్నా ఏడాదిలో కాస్త తేరుకుంటారు. అలాంటి కుటుంబాలే డబ్బు అందకుండా ఎలా ఉన్నాయో తెలిస్తే తప్ప తేడా తేలదు.

వచ్చే విడతలో అర్హుల జాబితా ముందే సిద్ధం చేసి, డబ్బు ముందు ఎవరికి, ఆలస్యంగా ఎవరికి అన్నదానికి లాటరీ తీయండి; ఆగినవాళ్లే పోలికకు పనికొస్తారు. మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా అనే నగదు సాయ పథకాన్ని ఇలాగే పరీక్షించారు: 506 ఊళ్లు తీసుకుని, 320 ఊళ్లకు ముందు ఇచ్చి, 186 ఊళ్లకు ఆలస్యంగా ఇచ్చారు. ఇందులో ఒక చిక్కుంది. రేపోమాపో డబ్బొస్తుందని తెలిస్తే, ఆగినవాళ్లు ఆ ధీమాతో ముందే అప్పు చేస్తారు. అప్పుడు పోలిక చెడుతుంది.

ఇక ఎంతమంది కావాలన్నది. పసిగట్టాలనుకున్న తేడాతో స్టాండర్డ్ డీవియేషన్‌ను (ఇంటికీ ఇంటికీ మధ్య ఉండే హెచ్చుతగ్గుల కొలతను) భాగించి, వర్గం చేసి, 16తో హెచ్చించండి. తేడా డీవియేషన్‌లో ఐదో వంతైతే ఒక్కో గుంపుకు 400 ఇళ్లు. మీ 300 చాలవన్నమాట. ఏడాదిలో 15 శాతం మంది దొరక్కుండా పోతారనుకుంటే 471తో మొదలుపెట్టాలి. లాటరీ ఇళ్లకు కాక ఊళ్లకు తీస్తే ఇంకా ఎక్కువ కావాలి, ఒకే ఊరివాళ్ల బతుకులు కొంత ఒకేలా ఉంటాయి కాబట్టి.

ప్రశ్న: మేమిచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందని అడిగితే చాలదా?

జవాబు: చాలదు. డబ్బు డబ్బులో కలిసిపోతుంది. మీ డబ్బుతో బియ్యం కొన్నామంటారు, నిజమే, కానీ బియ్యానికి పెట్టాల్సిన సొంత డబ్బు అప్పుకు కట్టి ఉంటారు. మొత్తం ఖర్చు, మొత్తం అప్పు అడగండి.

ప్రశ్న: మనశ్శాంతిని కొలవడం సాధ్యమా? జవాబులను నమ్మవచ్చా?

జవాబు: కొలవవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఐదు ప్రశ్నల పట్టిక ఉంది. గత రెండు వారాల గురించి అడిగి, ఒక్కో జవాబుకు 0 నుంచి 5 మార్కులు వేసి, మొత్తాన్ని 4తో హెచ్చిస్తే 100కు లెక్క వస్తుంది. నమ్మకం మాత్రం ఎవరు జవాబిచ్చారన్న దానిమీద ఆధారపడుతుంది. ఫిన్లాండ్‌లో 2017, 2018లలో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఇచ్చి చూశారు. చివరి సర్వేలో డబ్బు అందినవాళ్లు ఎక్కువ సంతృప్తి చెప్పారు. కానీ జవాబిచ్చింది అందినవాళ్లలో దాదాపు 31 శాతం, అందనివాళ్లలో 20 శాతం. పైగా మొదట్లో సర్వే చేయనేలేదు కనుక, రెండు గుంపుల్లో పలికినవాళ్లు ముందునుంచీ ఒకలాంటివాళ్లేనా అన్నది సరిచూసుకోవడానికి వీలు తక్కువ.

సర్వేకు డబ్బు పంచినవాళ్లను పంపకండి, ఎదుట నిలబడి లేదు, కాదు అనడానికి మొహమాటపడతారు. తేదీలు కూడా చూసుకోండి. ఒకటో తారీఖున డబ్బు పడితే మూడో తారీఖున ఏ ఇంట్లోనైనా తిండికి లోటుండదు. ఇళ్లను నెల పొడవునా లాటరీతోనే సర్దండి, రెండు గుంపులకూ ఒకే పద్ధతిలో.