సబ్జెక్ట్ పోయిందా? ముందు డీఎస్‌ఓను కలవండి

డిసెంబర్‌లో ఒకసారి, మే నెలలో ఒకసారి గ్రేడ్లు పడగానే నాకు పిల్లల దగ్గర నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఒక సబ్జెక్ట్ పోయింది. వీసా క్యాన్సిల్ చేస్తారా? ఇంటికి పంపించేస్తారా?" అమెరికా వచ్చిన మొదటి సెమిస్టర్‌లోనే ఎఫ్ చూసినవాళ్ల గొంతు ఎలా ఉంటుందో చాలాసార్లు విన్నాను. అందుకే అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఒక్క సబ్జెక్ట్ పోయినంత మాత్రాన ఎఫ్-1 స్టేటస్, అంటే విద్యార్థిగా అమెరికాలో ఉండే అర్హత, పోదు. ఆ తర్వాత భయంతో ఎవరికీ చెప్పకుండా చేసే పనుల వల్ల పోతుంది. డీఎస్‌ఓను (విదేశీ విద్యార్థుల స్టేటస్ వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారిని) అడక్కుండా కోర్సు డ్రాప్ చేసేస్తారు, క్లాసులకు వెళ్లడం మానేస్తారు, ఫీజు కట్టలేక తర్వాతి సెమిస్టర్‌కు రిజిస్టర్ చేసుకోరు. సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో మీ రికార్డు టెర్మినేట్ అయ్యేది ఎక్కువగా ఇలాంటి వాటికే.

ఇక్కడ మన సప్లీ లాంటిది ఉండదు. పోయిన కోర్సును మళ్లీ ఫీజు కట్టి, సెమిస్టర్ మొత్తం కూర్చుని చదవాలి. కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే ఇస్తారు. ఫాల్‌లో, అంటే ఆగస్టు-డిసెంబర్ సెమిస్టర్‌లో, పోయిన కోర్సు మళ్లీ ఫాల్‌లోనే రావచ్చు. అది వేరే కోర్సులకు ప్రీరిక్విజిట్ (ముందుగా పాసవ్వాల్సిన కోర్సు) అయితే అవి కూడా ఆగిపోతాయి. ఇంకో సంగతి, మాస్టర్స్‌లో సి వస్తే గట్టెక్కామని అనుకోకండి. చాలా యూనివర్సిటీల్లో కోర్ సబ్జెక్టులకు బి అయినా రావాలి, మొత్తం జీపీఏ 3.0 తగ్గకూడదు. తగ్గితే అకడమిక్ ప్రొబేషన్ అని ఉత్తరం వస్తుంది. అది వచ్చిందంటే మిమ్మల్ని తీసేశారని అర్థం కాదు, జీపీఏ పెంచుకోవడానికి గడువు ఇచ్చారని. ఎన్ని సెమిస్టర్లు ఇచ్చారో, ఏ షరతులు పెట్టారో అందులోనే ఉంటుంది. భయపడి పక్కన పడేయకుండా పూర్తిగా చదవండి.

జీపీఏ మళ్లీ లేవదని చాలామంది దిగులు పడతారు. కాగితం మీద లెక్క వేసి చూడండి. మూడేసి క్రెడిట్ల కోర్సులు మూడు తీసుకున్నారు, ఏ, బి, ఎఫ్ వచ్చాయి అనుకుందాం. ఏకి 12 పాయింట్లు, బికి 9, ఎఫ్‌కు సున్నా. మొత్తం 21ని 9 క్రెడిట్లతో భాగిస్తే 2.33. తర్వాతి సెమిస్టర్‌లో రెండు ఏలు, ఒక బి తెచ్చుకుంటే 33 పాయింట్లు. రెండు సెమిస్టర్లకూ కలిపి 54, క్రెడిట్లు 18. సరిగ్గా 3.0. కష్టమే గానీ మామూలు విద్యార్థి చేయగలిగేదే. రిపీట్ చేసినప్పుడు పాత ఎఫ్‌ను జీపీఏ లెక్కలోంచి తీసేస్తారా, రెండూ కలుపుతారా అన్నది యూనివర్సిటీని బట్టి ఉంటుంది. రిజిస్ట్రార్ ఆఫీసును అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

డీఎస్‌ఓ దగ్గరికి వెళ్లడానికి జంకేవాళ్లే ఎక్కువ, పోలీస్ స్టేషన్‌కు వెళ్తున్నట్టు. మీ స్టేటస్ నిలబెట్టుకోవడానికి దారి చూపడం వాళ్ల ఉద్యోగంలో భాగమే. డిగ్రీ పిల్లలకు సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు, మాస్టర్స్‌లో చాలాచోట్ల 9 ఉంటేనే ఫుల్ టైమ్. ఇంగ్లిష్‌తో గానీ ఇక్కడి బోధనా పద్ధతితో గానీ మొదట్లో ఇబ్బంది పడినా, స్థాయికి మించిన కోర్సులో పడ్డా, డీఎస్‌ఓ అనుమతితో లోడ్ తగ్గించుకునే వీలుంది. ఒక డిగ్రీ స్థాయికి ఒక్కసారే ఇస్తారు, కనీసం సగం లోడ్ అయినా ఉండాలి. అనుమతి వచ్చాకే డ్రాప్ బటన్ నొక్కాలి, ముందు నొక్కి తర్వాత అడిగితే ఆలస్యమైనట్టే. పోయిన కోర్సును ఆన్‌లైన్‌లో చేద్దామనుకుంటే, ఫుల్ టైమ్ లెక్కలో సెమిస్టర్‌కు ఒక ఆన్‌లైన్ కోర్సు, అంటే మూడు క్రెడిట్లే కలుస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే, మీ చదువు తేదీలు ఉండే ఫారం) చివరి తేదీ. రిపీట్ వల్ల చదువు ఆ తేదీ దాటేలా ఉంటే, తేదీ రాకముందే ఎక్స్‌టెన్షన్ అడగాలి. ప్రొబేషన్ వల్లో సస్పెన్షన్ వల్లో ఆలస్యమైందంటే దాన్ని ఎక్స్‌టెన్షన్‌కు కారణంగా ఒప్పుకోరని ఇమ్మిగ్రేషన్ రూల్‌లోనే ఉంది. అందుకే మిగిలిన కోర్సులన్నీ ఏ సెమిస్టర్‌లో ఏవి అని ఇప్పుడే అడ్వైజర్‌తో కూర్చుని రాసుకోండి. ఓపీటీ (చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి) అప్లై చేసే సమయం కూడా ఆ ప్లాన్ మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రొఫెసర్‌ను కలిసినప్పుడు "సార్, వీసా ప్రాబ్లమ్, గ్రేడ్ మార్చండి" అని మాత్రం అడగకండి. నాకు తెలిసి దానివల్ల ఎవరికీ మేలు జరగలేదు. "మీ కోర్సు మళ్లీ తీసుకుంటున్నాను. నా మార్కులు ఎక్కడ పోయాయో చూసుకోవడానికి ఒక పదిహేను నిమిషాలు ఇవ్వగలరా? ఫైనల్ పేపర్ చూడొచ్చా?" అని రాయండి. ఇలా రాస్తే చాలామంది పిలిచి చూపిస్తారు. నిజంగా మార్కుల కూడికలో తప్పు దొరికితే గ్రేడ్ అప్పీల్ ఉంటుంది, కాకపోతే గడువు తక్కువ.

మార్కులు ఎక్కడ పోయాయో చూస్తే, ఎక్కువగా వారం వారం ఇచ్చే హోమ్‌వర్క్‌ల్లోనే పోయి ఉంటాయి. చివరి పరీక్షకు ముందు రాత్రుళ్లు చదివి గట్టెక్కే అలవాటు ఇక్కడ పనికిరాదు. హోమ్‌వర్క్‌కు ఎంత, మిడ్‌టర్మ్‌కు ఎంత, ప్రాజెక్ట్‌కు ఎంత అన్నది మొదటి రోజే సిలబస్‌లో ఇస్తారు. క్యాంపస్ బయట అనుమతి లేని పనులు చేస్తూ అర్ధరాత్రి ఇంటికి చేరే పిల్లలను చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. చదువు పోవడం ఒక ఎత్తు, దొరికితే స్టేటస్ కూడా పోతుంది. దయచేసి ఆ పని ఈ రోజే మానేయండి. డబ్బు ఇబ్బందైతే యూనివర్సిటీలో ఎమర్జెన్సీ ఫండ్, ఫీజు వాయిదాలు ఉన్నాయేమో అడగండి.

ఇంట్లో చెప్పడం వీటన్నిటికంటే కష్టం. మీ అనుమతి లేకుండా యూనివర్సిటీ అమ్మానాన్నలకు గ్రేడ్లు చెప్పదు, కాబట్టి చెప్పాల్సింది మీరే. అడ్వైజర్‌ను, డీఎస్‌ఓను కలిసిన వారంలోనే ఫోన్ చేయండి. "ఒక సబ్జెక్ట్ పోయింది నాన్నా, మళ్లీ తీసుకుంటున్నాను, ఫీజు ఇంత అవుతుంది, డిగ్రీ ఫలానా నెలకు పూర్తవుతుంది" అని చెప్పండి. మొదట కోప్పడతారు, తర్వాత ఫీజు సంగతి మాట్లాడతారు. లోన్ తీసుకుని పంపినవాళ్లకు ఆ తేదీ, ఆ మొత్తం ముందే తెలియాలి.

నిద్ర పట్టకపోయినా, గదిలోంచి బయటికి రాబుద్ధి కాకపోయినా క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లండి. వెళ్లిన సంగతి ట్రాన్స్‌క్రిప్ట్‌లో పడదు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, 988కి (అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలకు సాయం చేసే హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, మెసేజ్ అయినా చేయండి. పగలూ రాత్రీ ఎత్తుతారు. మీ రూమ్‌మేట్ అలా ఉన్నట్టు కనిపిస్తే మీరే పక్కన కూర్చుని చేయించండి.

మళ్లీ ఆ కోర్సు మొదలైన రోజున విత్‌డ్రాకు చివరి తేదీ ఎప్పుడో చూసి ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. దానికి రెండు వారాల ముందు మీ మార్కులు చూసుకుని ప్రొఫెసర్‌ను, డీఎస్‌ఓను మళ్లీ కలవండి. విత్‌డ్రా చేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో డబ్ల్యూ పడుతుంది, దానివల్ల జీపీఏ తగ్గదు, కానీ ఫుల్ టైమ్ లెక్కలో క్రెడిట్లు తగ్గుతాయి.