వాడేసిన గంజాయి పొడితో లడ్డూలా?

ప్రశ్న: నా వయసు 26. ఫ్రెండ్స్‌తో కలిసి, వేపరైజర్‌లో (గంజాయిని కాల్చకుండా వేడిచేసి ఆవిరి పీల్చే పరికరం) వాడేసిన గంజాయి పొడిని నేతిలో కలిపి లడ్డూలు చేశాం. గంటన్నరైనా ఏమీ అనిపించక రెండోది కూడా తిన్నాను. అర్ధరాత్రి విపరీతమైన గుండెదడ, చచ్చిపోతానేమోనని భయం. అమ్మ వేసుకునే ఆల్‌ప్రాజోలం (ఆందోళన తగ్గించే, నిద్ర పట్టించే మాత్ర) ఒకటి మింగి పడుకున్నాను. మర్నాడు సాయంత్రం దాకా తల తిరుగుతూనే ఉంది. ఎంత పొడి వేస్తే ఇబ్బంది ఉండదు? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పొడి సంగతి తర్వాత. నన్ను కంగారు పెట్టింది ఆ ఆల్‌ప్రాజోలం. ఇలాంటి భయానికి ఆస్పత్రిలో మేమూ అదే కోవ మందు ఇస్తుంటాం. కానీ పల్సు, బీపీ, ఆక్సిజన్ చూస్తూ ఇస్తాం. గంజాయి మత్తు మీద నిద్రమాత్ర పడితే మగత రెట్టింపవుతుంది. ఆ రాత్రి మద్యం కూడా తాగారో లేదో మీరు రాయలేదు. తాగి ఉంటే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అమ్మ మాత్ర, పక్కింటాయన మాత్ర... చదువుకున్నవాళ్లూ ఇదే పని చేస్తారు!

వాడేసిన పొడిలో మత్తు ఉండదనుకోవడం పొరపాటు. పచ్చి గంజాయిలో ఎక్కువగా ఉండేది టీహెచ్‌సీఏ; దానికి మత్తు లేదు. వేడి తగిలితే అది మత్తెక్కించే టీహెచ్‌సీగా మారుతుంది. వేపరైజర్‌లో కొంత ఆవిరైపోతుంది, మారిన మిగతాది పొడిలోనే ఉండిపోతుంది. ఎంత మిగిలిందన్నది ఎంత వేడి, ఎంతసేపు పెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. రంగు చూసి తేల్చలేం. పైగా పిండిలో సమానంగా కలవదు, ఒక లడ్డూలో తక్కువ, పక్కదానిలో మూడింతలు ఉండొచ్చు. అందుకే ‘ఇంత వేస్తే ఫర్వాలేదు’ అని నేను చెప్పలేను, చెప్పను.

పీలిస్తే నిమిషాల్లో తెలుస్తుంది. తింటే అరగంట నుంచి రెండు గంటలు, కడుపు నిండుగా ఉంటే ఇంకా ఆలస్యం. కాలేయంలో అది 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీగా మారుతుంది, దీని మత్తు గట్టిది. 8 గంటలు, కొందరిలో 12 గంటలు దాటి కూడా ఉంటుంది. మీరు రెండోది తినేసరికి మొదటిది ఇంకా ఎక్కనే లేదు. మర్నాడు బండి తీసి ఉండరనుకుంటాను.

ఒకసారి ఈసీజీ తీయించుకోండి. దడ మళ్లీ వస్తే థైరాయిడ్ పరీక్ష కూడా. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఆగని వాంతులు, లేనివి కనిపించడం, వినిపించడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఏం తిన్నారో డాక్టరుకు దాచొద్దు. దాస్తే లేనిపోని స్కాన్లు, అసలు వైద్యం ఆలస్యం. ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉంటే దీని జోలికే పోకండి.

మిగిలిన లడ్డూలు ఫ్రిజ్‌లో ఉంటే ఈరోజే పారేయండి. పిల్లలు మామూలు మిఠాయే అనుకుని తింటారు, గాఢ నిద్రలోకి జారి ఎంత లేపినా లేవకపోవచ్చు. అలా జరిగితే వాంతి చేయించకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. గంజాయి దగ్గర ఉంచుకోవడం 1985 ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కింద నేరమన్నది మీకు తెలిసే ఉంటుంది. మానలేకపోతుంటే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, లేదా జీజీహెచ్‌లో (ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి) సైకియాట్రీ ఓపీకి వెళ్లండి.

అమ్మగారు ఆల్‌ప్రాజోలం ఎన్నేళ్లుగా వాడుతున్నారు, ఎవరు రాశారు? పాత చీటీతోనే కొంటుంటే ఒకసారి డాక్టరుకు చూపించండి. అంతేగానీ, ఉన్నట్టుండి ఆపించకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు.