రేసర్లు దేవుణ్ణి, రాజకీయాన్ని ట్రాక్ బయటే వదిలి రావాలా?

రేసర్లు మతం, రాజకీయం గురించి సందేశాలు చూపకూడదనే నిబంధన వచ్చిందట, అభిమానులుగా మీరేమంటారని ఒకరు అడిగిన ఈ ప్రశ్న చూసి రెండు రోజులు ఊరుకున్నాను. మనసొప్పక ఇప్పుడు రాస్తున్నాను. అభిమానిగా ఏమంటారని అడిగారు కాబట్టి నాకు తెలిసింది, మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మీరు చెప్పిన నిబంధన నిజమే. మోటార్ రేసింగ్‌ను నడిపే ఎఫ్‌ఐఏ 2022 డిసెంబర్‌లో దాన్ని నియమావళిలో చేర్చింది. ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా రాజకీయ, మతపరమైన, వ్యక్తిగత సందేశాలు ప్రదర్శించకూడదు. 2023 నుంచి అమలు. అంతకు ముందు 2020లో ఫార్ములా 1 డ్రైవర్ లూయిస్ హామిల్టన్ నల్లజాతి వాళ్ల కోసం రేసు మొదలయ్యే ముందు ఒక మోకాలు నేలకానించి నిలిచాడు. 2021లో హంగరీలో ఇంకో డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్ స్వలింగ సంపర్కుల హక్కులకు మద్దతుగా ఇంద్రధనుస్సు రంగుల టీషర్టు వేసుకొచ్చాడు, జాతీయగీతం వేళకు విప్పలేదని మందలింపు కూడా పడింది. నాకీ నిబంధన నచ్చలేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నాది నెల్లూరు. ఆటోనగర్‌లో లారీలకు బ్రేకుల పని చేసే షెడ్డు ఉంది. నాయన లారీ డ్రైవరు. నెల్లూరు, మద్రాసు రోడ్డు మీదే ఆయన జీవితం గడిచిపోయింది. ఆ రోడ్డులో, కాసేపట్లో మద్రాసు వస్తుందనగా, షోళవరం ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు రేసులు పెట్టేవాళ్లు. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాయన మద్రాసులో లోడు దించి తిరిగొస్తూ లారీ పక్కన ఆపి, నన్ను భుజాల మీద ఎక్కించుకుని జనంలో నిలబడ్డాడు. నాకు కనిపించింది చాలా తక్కువ. ఒక ఎర్ర కారు, దాని వెనక దుమ్ము. శబ్దం మాత్రం నాయన భుజాల్లోంచి నా కాళ్లలోకి పాకింది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది, షోళవరం రేసులు గతమైపోయాయి. ఇప్పటికీ ఆ ఊరు దాటేటప్పుడు నేను అద్దం దించుతాను.

1994 మే 1న ఇటలీలోని ఇమోలా ట్రాక్ మీద బ్రెజిల్ రేసర్ అయర్టన్ సెన్నా పోయాడు. టాంబురెల్లో మలుపు దగ్గర గోడకు గుద్దుకున్నాడు. ముందు రోజు ఇమోలాలోనే క్వాలిఫయింగ్‌లో ఆస్ట్రియా డ్రైవర్ రోలాండ్ రాట్జెన్‌బెర్గర్ చనిపోయాడు. సెన్నా కారులో ఆస్ట్రియా జెండా దొరికింది. రేసు అయ్యాక రాట్జెన్‌బెర్గర్ కోసం ఎగరేద్దామని పెట్టుకున్నాడు. అప్పుడు ఈ నిబంధన ఉండి ఉంటే ఆ జెండాకు కూడా కాగితం మీద అనుమతి అడగాల్సి వచ్చేదేమో.

సెన్నా బైబిలు చదివేవాడు. దేవుడి గురించి దాచుకోకుండా మాట్లాడేవాడు. దేవుణ్ణి నమ్మితే తనకేమీ కాదని అనుకుంటున్నాడు, అది మిగతావాళ్లకు ప్రమాదం అని అతని ప్రత్యర్థి రేసర్ ప్రోస్ట్ ఒకప్పుడు తప్పుపట్టాడు కూడా. సావో పాలోలో సెన్నా సమాధి మీద, దేవుడి ప్రేమ నుంచి నన్నేదీ వేరు చేయలేదనే మాట చెక్కారు. సెన్నా పోయినప్పుడు నాకు పదిహేడేళ్లు, షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. నేర్పిన పెద్దాయన్ని అందరం బాయ్ అనేవాళ్లం. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. "అంత భక్తి ఉన్నవాణ్ణి దేవుడు ఎందుకు తీసుకుపోయాడు బాయ్?" అని అడిగాను. ఆయన బ్రేక్ డ్రమ్ములో వేలు పెట్టి లైనర్ అరుగుదల చూస్తున్నాడు. తలెత్తకుండానే, "ఆ వెనక చక్రం నట్లు ఇంకోసారి చూసి రా అబ్బయా. దేవుణ్ణి తర్వాత అడుగుదువులే" అన్నాడు. వెళ్లి చూస్తే ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. బిగించింది నేనే.

ఇక మా తమ్ముడి సంగతి. నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. రేసుల పిచ్చి వాడికి అంటించింది నేనే. 2017లో ఒక రాత్రి కోవూరు వైపు నుంచి హైవే మీద వస్తూ, పక్కన ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దాడు. లారీకి పార్కింగ్ లైట్లు లేవు, వెనక అతికించిన రేడియం స్టిక్కర్ల నిండా బురద. హెల్మెట్ వాడి దగ్గరే ఉంది, బండి అద్దానికి తగిలించుకుని ఉంది. తర్వాత మాకు అప్పగించిన సామాన్లలో దాన్ని చూశాను. ఒక మూల చిన్న గీత, అంతే. లోపలి స్పాంజికి కొత్త వాసన ఇంకా పోలేదు. అది నేను కొనిచ్చిందే.

నెలన్నర ఆస్పత్రిలో ఉన్నాడు. బతికాడు. మాట నెమ్మదించింది, కుడి చేతికి పట్టు పోయింది. చూడడానికి వచ్చిన చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు తలరాత అన్నారు. ఆ మాట వింటే నాకు కడుపు మండేది. హెల్మెట్ అద్దానికి ఉండడం తలరాతా? లారీకి లైట్లు లేకపోవడం తలరాతా? ఆ వారమే ఇంట్లో స్పోర్ట్స్ ఛానళ్లు తీయించేశాను. మూడేళ్లు రేసు చూడలేదు.

2018లో అమ్మ వాణ్ణి రొట్టెల పండుగకు తీసుకెళ్లింది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరుగుతుందని మా వైపు వాళ్లందరికీ తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కిందటేడు మొక్కుకుని కోరిక తీరినవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుని తింటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె. మోకాలి లోతు నీళ్లలో "ఆరోగ్య రొట్టె, ఆరోగ్య రొట్టె" అంటూ నిలబడ్డ ఒక ముసలామె అమ్మ చేతిలో పెట్టింది. ఏ ఊరో, ఏ మతమో ఆమె అడగలేదు, మేమూ అడగలేదు. అమ్మ ముక్క తుంచి తమ్ముడి నోట్లో పెట్టింది. ఆ రాత్రి అమ్మ చాలా నెలల తర్వాత కంటినిండా నిద్రపోయింది. తెల్లారాక ఫిజియోథెరపీకి వాణ్ణి తయారు చేసింది కూడా ఆవిడే, ఒక్క రోజు తప్పించలేదు. మరుసటేడు వాడు అదే చెరువులో దిగి ఎడమ చేత్తో ఎవరికో రొట్టె ఇచ్చాడు. చేయి పూర్తిగా బాగు కాకపోయినా ఇచ్చి తీరాలన్నాడు. ఏ ఆటలోనైనా ఒకడు గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నా, ఆకాశం వైపు చూసినా నాకు ఆ ఎడమ చేయే గుర్తొస్తుంది. దాన్ని ఎలా బయట వదిలి రమ్మంటారు?

2020 నవంబర్‌లో నివర్ తుఫాను వానలు మమ్మల్ని ముంచి తగ్గిన వారం. మా పెద్దోడు పట్టుబట్టి ఛానల్ మళ్లీ పెట్టించాడు. 29వ తేదీ, ఆదివారం, బహ్రెయిన్ రేసు. తమ్ముడు నా పక్కనే కూర్చున్నాడు. మొదటి ల్యాప్‌లోనే రొమెయిన్ గ్రోజాన్ కారు ఇనుప బారియర్‌లోకి దూసుకుపోయి రెండు ముక్కలైంది, మంటలు లేచాయి. లేచి టీవీ కట్టేద్దామనుకున్నాను, తమ్ముడు నా చొక్కా వదల్లేదు. 28 సెకన్ల దాకా ఆ మంటల్లో ఉన్నాడు గ్రోజాన్. తర్వాత బారియర్ మీద నుంచి దూకాడు. కాలింది ఎక్కువగా చేతులే. తలను కాపాడింది హేలో, కాక్‌పిట్ మీద ఉండే టైటానియం కడ్డీల చట్రం. 2018లో దాన్ని తప్పనిసరి చేశారు. గ్రోజాన్ మొదట్లో దాన్ని వద్దన్నవాడే. అది లేకపోతే ఈ రోజు మీతో మాట్లాడేవాణ్ణి కాదని ఆస్పత్రి నుంచి తనే చెప్పాడు.

నేను ఇదంతా చెబుతుంటే తమ్ముడు ఒక్కో మాట పేర్చుకుంటూ, "ముందు... ఆయనకీ... ఇష్టం లేదా?" అన్నాడు.

"లేదురా" అన్నాను.

ఇంకేమీ మాట్లాడలేదు వాడు.

రాజకీయం దగ్గరికి వస్తాను. సెన్నా పోయాక దేవుడి మీద భారం వేసి ఎవరూ ఊరుకోలేదు. మరుసటేడుకే టాంబురెల్లోలో వేగం తగ్గేలా మలుపులు పెట్టారు. 1996లో తల పక్కన కాక్‌పిట్ గోడలు ఎత్తు చేశారు, 2003లో మెడను కాపాడే హాన్స్ పరికరం తప్పనిసరి చేశారు, ఆ తర్వాత హేలో. కారు అందం పోతుందనీ, రేసు స్వభావం చెడిపోతుందనీ అడ్డుపడ్డవాళ్లు ఉన్నారు. వాళ్లతో కూర్చుని వాదించి ఒప్పించినవాళ్లూ ఉన్నారు. ఎవరి ప్రాణానికి ఎంత ఖర్చు పెట్టాలో తేల్చే ఆ వాదననే నేను రాజకీయం అంటాను. తమ్ముడు పడ్డ చోట లైటు కోసం మూడు సోమవారాలు అర్జీలు పట్టుకుని తిరిగాను, రెండు పార్టీల నాయకుల ఇళ్ల ముందూ నిలబడ్డాను. ఒకచోట లోపలికి పంపే ముందు "నువ్వు ఎవరి మనిషివి?" అని అడిగారు. తమ్ముడి పేరు చెప్పాను. చాలా కాలానికి లైటు వచ్చింది. దాని కింద కట్టిన ఫ్లెక్సీలో ఎవరి బొమ్మ ఉందో నేను పట్టించుకోలేదు, లైటు వెలుగుతోంది.

రేసింగ్ రాజకీయానికి దూరంగా ఎప్పుడుంది? 1985లో దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ఉండగానే కయలామిలో రేసు నడిపారు. రెనో, లిజియే జట్లు వెళ్లలేదు. మన దగ్గర గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి మూడేళ్లే ఇండియన్ గ్రాండ్ ప్రీ అనే ఫార్ములా 1 రేసు జరిగింది, మూడూ వెటెలే గెలిచాడు. ఇది ఆట కాదు వినోదమని పన్ను వేశారు, గొడవలు ముదిరాయి, రేసు పోయింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు చూడడానికి మా పెద్దోణ్ణి తీసుకుని హైదరాబాద్ వెళ్లాను. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. తెలుగు నేల మీద అలాంటి రేసు చూస్తానని కలలో కూడా అనుకోలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాది తిరక్కుండానే ప్రభుత్వం మారింది, 2024 రేసు రద్దయింది, తర్వాత అది కేసుల దాకా వెళ్లింది. ప్రభుత్వాలు రేసు తెచ్చుకోవచ్చు, తీసేయచ్చు. ప్రాణం పణంగా పెట్టి నడిపేవాడు మాత్రం ఒక మాట అనడానికి ముందే సంతకం తెచ్చుకోవాలా? ఇది నాకు న్యాయంగా తోచదు.

అవతలి వాదనలోనూ నిజముందని ఒప్పుకుంటాను. "రేపు మనవాళ్లు పార్టీ కండువాలు కప్పుకుని రేసుకు వస్తే?" అని మా పెద్దోడు అడిగాడు. ఒంగోలు వైపు ఎడ్ల బండలాగుడు పోటీలకు వెళ్తే ఈ మధ్య ఎడ్ల కంటే నాయకుల ఫ్లెక్సీలే ఎక్కువ కనిపిస్తున్నాయి, కాబట్టి ఆ భయం నాకూ ఉంది. అయితే ఒకరు కట్టించిన కండువా వేరు, తనకు నష్టమని తెలిసీ మనసులో మాట చెప్పడం వేరు. రెండింటినీ ఒకే నిబంధనతో కట్టేయడమే నాకు నచ్చనిది.

2023 డిసెంబర్‌లో చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట ఫార్ములా 4 రేసు అంటే తమ్ముణ్ణి తీసుకెళ్దామనుకున్నాను. మిచాంగ్ తుఫానుకు చెన్నై మునిగింది, మా షెడ్డులోకీ నీళ్లొచ్చాయి, రేసు వాయిదా పడింది. చివరికి 2024 ఆగస్టు 31, శనివారం ఇద్దరం వెళ్లాం. ముందు రోజుల వానలకు ట్రాక్ పనులు వెనకబడ్డాయి. ఎఫ్‌ఐఏ భద్రతా సర్టిఫికెట్ లేకుండా రేసు కుదరదని హైకోర్టు చెప్పింది, అది ఇంకా రాలేదు. సాయంత్రమైంది. చుట్టూ జనం విసుక్కుంటున్నారు, కొందరు లేచి వెళ్లిపోయారు. తమ్ముడు కంచె పట్టుకుని, బారియర్ల దగ్గర వంగి పని చేస్తున్న కుర్రాళ్లనే చూస్తున్నాడు.

"బిగించనీలే అన్నా" అన్నాడు. "తొందరేముంది."

చీకటి పడ్డాక మొదటి కారు కదిలింది. వాడు ఎడమ చేత్తో నా చేయి లాగి ఆ ఇనుప కంచె మీద పెట్టాడు. శబ్దం కడ్డీలోంచి అరచేతిలోకి వస్తోంది.